మన పింగ్ వెనక ఉన్న పాత దారి: మహానంది నుంచి సముద్రం దాకా

ఆన్‌లైన్ గేమ్ ఆడేవాళ్లు స్క్రీన్ మూలలో ఒక చిన్న నంబర్ చూసే ఉంటారు. 48, 65, ఒక్కోసారి 200. పచ్చగా ఉంటే హాయి. ఎర్రగా మారితే "నెట్ సచ్చింది రా" అని ఫోన్ పక్కన పడేస్తాం. దాన్నే పింగ్ అంటాం కదా. మీ ఫోన్ నుంచి బయల్దేరిన ఒక చిన్న కబురు గేమ్ సర్వర్ దాకా పోయి, జవాబు తీసుకుని వెనక్కి రావడానికి ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో ఆ నంబర్ చెబుతుంది. మిల్లీసెకను అంటే సెకనులో వెయ్యో వంతు.

ఎంతసేపు పట్టిందో తెలిసింది, బాగుంది. కానీ ఆ కబురు ఏ దారిన పోయింది? ఏ ఊర్ల మీదుగా పోయింది? ఈ ఎపిసోడ్ దాని గురించే. ముందే చెప్పేస్తున్నా, ఇది టెక్నాలజీ పాఠంలా మొదలవుతుంది కానీ చరిత్ర పాఠం అయిపోతుంది. ఎందుకంటే మన డేటా దగ్గరి దారి వెతుక్కుని పోదు, ముందే వేసి ఉన్న దారిలో పోతుంది. ఆ దారి ఎవరు వేశారు, ఎవరి కోసం వేశారు అనేది ఇప్పటికీ మన ఫోన్‌లో కనబడుతూనే ఉంది.

మహానంది నుంచి మొదలుపెడదాం

నంద్యాల నుంచి ఒక 16 కిలోమీటర్లు పోతే నల్లమల కొండల అడుగున మహానంది. చాలామంది చూసే ఉంటారు. కోనేట్లో రూపాయి బిళ్ల వేస్తే అడుగున పడి స్పష్టంగా కనిపిస్తుంది, అంత తేట నీళ్లు. ఎండాకాలం కూడా ఊట ఆగదు. గుడిలో ఊరిన నీళ్లు కోనేట్లోకి, కోనేట్లోంచి కాలువల్లోకి, కాలువల్లోంచి అరటి తోటల్లోకి పోతాయి. గుళ్లో నిలబడినోళ్లకు నీళ్లు పుట్టే చోటూ తెలియదు, చివరికి చేరే మడీ కనపడదు. మధ్యలో కోనేరు ఒక్కటే కనపడుతుంది.

మన ఇంటర్నెట్ కూడా అంతే. మనకు కనపడేది చేతిలో ఫోన్, పైన సిగ్నల్ గీతలు. అందుకే చాలామంది నెట్ గాల్లో తిరుగుతుందనుకుంటారు, లేదంటే శాటిలైట్ నుంచి వస్తుందనుకుంటారు. నిజానికి మీ ఫోన్‌కీ, దగ్గర్లోని టవర్‌కీ మధ్య మాత్రమే డేటా గాల్లో పోతుంది. మహా అయితే రెండు మూడు కిలోమీటర్లు. కొన్ని టవర్లకు పక్క టవర్ దాకా మైక్రోవేవ్ డిష్ ఉంటుంది, అదొక చిన్న గెంతు. ఆ తర్వాత దారంతా భూమిలో, స్తంభాల మీద, సముద్రం అడుగున. వెంట్రుకంత సన్నని గాజు తీగలో వెలుగు రూపంలో పోతుంది. దాన్నే ఆప్టికల్ ఫైబర్ అంటాం.

మహానంది వ్యవసాయ కాలేజీ హాస్టల్లో ఒక కుర్రాడు గేమ్ ఆడుతున్నాడు అనుకోండి. ఆ గేమ్ సర్వర్ సింగపూర్‌లో ఉంది. ఇప్పుడు అతని కబురు వెనకాలే మనమూ పోదాం.

దారిని పట్టిచ్చే ఉపాయం

దీనికి ఒక పాత పరికరం ఉంది. పేరు ట్రేస్‌రూట్. 1980ల చివర్లో అమెరికాలో లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌లో పనిచేసే వాన్ జేకబ్సన్ రాశాడు. ఐడియా స్టీవ్ డీరింగ్ అనే ఇంకో ఆయనది. ఈ రోజు కూడా కంప్యూటర్లో పనిచేస్తుంది. ఫోన్‌కైతే ఉచిత యాప్‌లు ఉన్నాయి. విండోస్‌లో "ట్రేసర్ట్" అని కొట్టి పక్కన ఏదైనా వెబ్‌సైట్ పేరు ఇస్తే చాలు.

ఇది పనిచేసే పద్ధతి భలే ఉంటుంది. మనం పంపే ఏ డేటా అయినా చిన్న చిన్న మూటలుగా విడిపోయి పోతుంది. వాటిని ప్యాకెట్లు అంటారు. ప్రతి ప్యాకెట్ మీద ఒక అంకె రాసి ఉంటుంది. దారిలో ఒక్కో రూటర్ దాటినప్పుడల్లా ఆ అంకె ఒకటి తగ్గుతుంది. సున్నా అయితే ఆ రూటర్ ప్యాకెట్‌ను పారేసి, "నీ ప్యాకెట్ నా దగ్గర అయిపోయింది" అని పంపినవాళ్లకు కబురు చేస్తుంది. దారి తప్పిన ప్యాకెట్లు అనంతంగా తిరక్కుండా పెట్టుకున్న నియమం అది.

జేకబ్సన్ ఈ నియమాన్నే వాడుకున్నాడు. మీరు ఒక మనిషికి ఒక్క పూటకే సద్ది కట్టి పంపారు అనుకోండి. మొదటి ఊర్లో సద్ది అయిపోతుంది, అక్కడి నుంచి కబురు వస్తుంది. రెండో మనిషికి రెండు పూటల సద్ది కట్టండి, రెండో ఊరి నుంచి కబురు వస్తుంది. మూడో మనిషికి మూడు పూటలు. ఇలా ఒక్కో కబురూ పేర్చుకుంటూ పోతే దారిలో ఉన్న ఊర్లన్నీ వరుసగా తెలిసిపోతాయి. ట్రేస్‌రూట్ చేసేది అచ్చంగా ఇదే. మొదటి ప్యాకెట్ మీద 1, రెండోదాని మీద 2, మూడోదాని మీద 3.

ఒక్కో గెంతును ఇంగ్లీషులో హాప్ అంటారు. మనకు అంతకంటే మంచి మాట ఉంది: అంచె. అంచెలంచెలుగా అంటాం కదా, ఆ అంచె. పాతకాలంలో ఒక మనిషి ఉత్తరం మూట తీసుకుని ఒక మజిలీ దాకా పరుగెత్తి ఇంకో మనిషికి అందించేవాడు. ఆ మజిలీ అంచె. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ మళ్లీ వస్తుంది.

పేరు మారిన ఊరు, మారని కోడ్

ట్రేస్ కొడితే మీకు వరుసగా లైన్లు వస్తాయి. వైఫై మీదుంటే మొదటి లైన్‌లో 192.168తో మొదలయ్యే నంబర్ చూస్తారు, అది మీ ఇంట్లో రూటరే. తర్వాత మీ కంపెనీ రూటర్లు. కొన్ని లైన్లలో చుక్కలు మాత్రమే వస్తాయి, ఆ రూటర్లు జవాబివ్వవు. కంగారు పడకండి, అది మామూలే.

ఇక్కడొక విశేషం. పెద్ద కంపెనీల రూటర్లకు పేర్లు పెట్టేటప్పుడు, అవి ఏ ఊర్లో ఉన్నాయో గుర్తుకోసం చాలాసార్లు ఆ ఊరి విమానాశ్రయం కోడ్ కలుపుతారు. హెచ్ వై డి ఉంటే హైదరాబాద్. ఎస్ ఐ ఎన్ ఉంటే సింగపూర్. బి ఓ ఎం ఉంటే ముంబై. అంటే బాంబే. ఎం ఏ ఏ ఉంటే చెన్నై. అంటే మద్రాస్.

చూశారా? 1996లో మద్రాసు పేరు చెన్నై అయింది. బోర్డులు మారాయి, రైలు టికెట్లు మారాయి. రూటర్ పేర్లలో మాత్రం ఇంకా మద్రాసే. మన ఊరి నుంచి సింగపూర్ వైపు పోయే దారిలో ఈ ఎం ఏ ఏ ఎదురైతే ఆశ్చర్యపోవద్దు. ఇది ఉత్త పేరు కథ కాదు. ఆ దారి నిజంగానే మద్రాసు కాలంనాటిది.

మధ్యలో ఇంకో పాత గుర్తు కూడా ఉంది. నంద్యాల జిల్లాలో కూర్చుని ఉంటే, ఏదో వెబ్‌సైట్ మిమ్మల్ని హైదరాబాద్‌లో ఉన్నట్టు చూపిస్తుంది. వాతావరణం హైదరాబాద్‌ది, ప్రకటనలు హైదరాబాద్‌వి. ఎప్పుడైనా గమనించారా? 2014లో రాష్ట్రం విడిపోయింది. టెలికాం మ్యాప్ విడిపోలేదు. టెలికాం లైసెన్సుల లెక్కలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కలిసి ఇప్పటికీ ఒకే సర్కిల్. ఆ సర్కిల్‌కు చాలా కంపెనీల ప్రధాన పరికరాలు ఉన్నది హైదరాబాద్‌లో. అందుకని మహానంది కుర్రాడి కబురు దక్షిణాన ఉన్న చెన్నైకి పోవడానికి ముందు ఉత్తరాన హైదరాబాద్‌కు పోవచ్చు. గీత గీసి కొలిస్తే మహానంది నుంచి చెన్నై సుమారు 320 కిలోమీటర్లు. హైదరాబాద్ మీదుగా చుట్టి పోతే 700 దాటుతుంది.

తీగ రాకముందు

ఇప్పుడు వెనక్కి పోదాం. "సైరా" సినిమా చూశారు కదా. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి. ఆ ఉయ్యాలవాడ ఇప్పుడు నంద్యాల జిల్లాలోనే ఉంది. ఆయన తిరుగుబాటు 1846లో. కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డారు, నల్లమల అడవుల్లోకి పోయారు. 1847 ఫిబ్రవరి 22న ఆయన్ని కోయిలకుంట్లలో ఉరితీశారు.

అప్పుడు కోయిలకుంట్ల కడప జిల్లాలో ఉండేది. ఖజానా మీద దాడి జరిగిందనే వార్త కడప కలెక్టర్‌కు, అక్కడి నుంచి మద్రాసుకు ఎలా పోయింది? కాగితం మీదే. అంచె మనుషుల చేతుల్లో, గుర్రాల మీద. పై నుంచి జవాబు రావాలంటే మళ్లీ అదే దారి, అన్నే రోజులు. ఆ మధ్య రోజుల్లో కొండల్లో ఉన్నవాడికి కాస్త వెసులుబాటు ఉండేది. కబురుకూ గుర్రానికీ ఒకటే వేగం కాబట్టి, గుర్రం ఉన్నవాడు కబురు కంటే ముందుండొచ్చు.

ఇంకో ఎనిమిదేళ్లకు ఈ లెక్క మొత్తం మారిపోయింది.

తీగ వచ్చింది

విలియం ఓషానెస్సీ అని ఒక డాక్టర్, ఈస్టిండియా కంపెనీలో పనిచేసేవాడు. ఆయన ఆధ్వర్యంలో 1851లో కలకత్తా నుంచి డైమండ్ హార్బర్ దాకా టెలిగ్రాఫ్ తీగ పనిచేయడం మొదలుపెట్టింది. 1855 ఫిబ్రవరిలో జనం డబ్బు కట్టి వాడుకునేలా తెరిచేనాటికి కలకత్తా, ఆగ్రా, బొంబాయి, మద్రాసు తీగతో కలిశాయి.

టెలిగ్రాఫ్‌లో కూడా ప్యాకెట్ కథే ఉంది చూడండి. దూరం ఎక్కువైతే కరెంటు బలహీనపడుతుంది. అందుకని మధ్య ఆఫీసులో గుమాస్తా టిక్‌టిక్‌ విని, కాగితం మీద రాసుకుని, మళ్లీ తర్వాతి ఆఫీసుకు తానే కొట్టేవాడు. తీసుకో, రాసుకో, ముందుకు పంపు. మన రూటర్ చేసేది ఇదే పని. ఆయన నిమిషాల్లో చేసినదాన్ని ఇది సెకనులో లక్షల సార్లు చేస్తుంది. అంతే తేడా.

మరి ఈ తీగ ఎవరి కోసం? ముందు సర్కారు కోసం, సైన్యం కోసం, తర్వాత వ్యాపారుల కోసం. 1857 మే 11న తిరుగుబాటు సిపాయిలు ఢిల్లీలోకి వచ్చిన రోజు, అక్కడి టెలిగ్రాఫ్ ఆఫీసు నుంచి అంబాలాకు కబురు వెళ్లింది. అక్కడి నుంచి పంజాబ్‌లో బ్రిటిష్ అధికారులకు చేరింది. వాళ్లు జాగ్రత్తపడ్డారు. తిరగబడినవాళ్లు చాలాచోట్ల టెలిగ్రాఫ్ తీగలు తెంపారంటే ఊరికే కాదు. దారి ఎవరి చేతిలో ఉందో వాళ్లకు బాగా అర్థమైంది.

మద్రాసే ఎందుకు?

ఆంధ్ర తీరం చిన్నదేం కాదు. సుమారు వెయ్యి కిలోమీటర్లు. కాకతీయ గణపతిదేవుడు 13వ శతాబ్దంలో మోటుపల్లి రేవులో శాసనం వేయించి, ఓడల మీద వచ్చే వ్యాపారులకు రక్షణ ఇస్తానని మాటిచ్చాడు. ఇంగ్లీషు కంపెనీ కూడా ఈ తీరంలో మొదట కాలుమోపిన పెద్ద చోటు మద్రాసు కాదు, మన మచిలీపట్నం. 1611లో. ఆ తర్వాత 1639లో మద్రాసులో జాగా దొరికింది, కోట కట్టుకున్నారు. పెత్తనం మెల్లగా అక్కడికి మారిపోయింది.

1800లో నిజాం రాయలసీమ ప్రాంతాన్ని కంపెనీకి ఇచ్చేశాడు. కర్నూలు నవాబును 1839లో దింపేశారు. అప్పటి నుంచి మన కలెక్టర్లు జవాబు చెప్పుకునేది మద్రాసుకు. మన శిస్తు పోయేది మద్రాసుకు. కాబట్టి రోడ్డూ, తీగా, రైలూ అటే తిరిగాయి. ఏ ఊరి నుంచి ఏ ఊరికి జనం తిరుగుతారని చూసి వేసిన దారులు కావవి. ఎవరు ఎవరికి లెక్క చెప్పాలో చూసి వేసిన దారులు.

సముద్రం అడుగున: 1871, 2002

ఈ మొత్తం కథలో నన్ను బాగా ఆకట్టుకున్నది ఇదే.

1870లో బొంబాయి నుంచి సూయజ్ వైపు సముద్రం అడుగున టెలిగ్రాఫ్ కేబుల్ వేశారు. భారతదేశం లండన్‌తో కేబుల్ ద్వారా కలిసింది. మరుసటి సంవత్సరం, 1871 మొదట్లో, మద్రాసు నుంచి పెనాంగ్ మీదుగా సింగపూర్‌కు ఇంకో కేబుల్ పనిచేయడం మొదలైంది. వేసింది బ్రిటిష్ ఇండియన్ ఎక్స్‌టెన్షన్ టెలిగ్రాఫ్ కంపెనీ. రాగి తీగకు ఉప్పునీరు తగలకుండా గట్టాపర్చా అనే చెట్టు పాలతో పూత. ఆ పాలు వచ్చేది కూడా మలయా వైపు అడవుల నుంచే.

ఇప్పుడు 2002కు రండి. భారతి, సింగ్‌టెల్ కంపెనీలు కలిసి ఐటూఐ అనే ఫైబర్ కేబుల్ వేశాయి. సుమారు 3,200 కిలోమీటర్లు. ఎక్కడి నుంచి ఎక్కడికి? చెన్నై నుంచి సింగపూర్. 2004లో టాటా వాళ్ల కేబుల్. అదీ చెన్నై నుంచి సింగపూర్. 131 ఏళ్లలో రాగి పోయి గాజు వచ్చింది, చుక్కా గీతా పోయి వీడియో వచ్చింది, రాజ్యం పోయి కంపెనీలు వచ్చాయి. దారికి రెండు చివరలూ మాత్రం అవే.

కారణాలున్నాయి. సింగపూర్ అప్పుడూ ఓడల కూడలే, ఇప్పుడూ డేటా కూడలే. కేబుల్ వేసే కంపెనీ ఇంకో కేబుల్ ఉన్న చోటుకే పోతుంది, ఎందుకంటే అక్కడ ఒకదాన్నుంచి ఇంకోదానికి మారొచ్చు. చెన్నైలో కొనేవాళ్లున్నారు, ఆఫీసులున్నాయి, అనుమతుల పద్ధతి తెలిసినవాళ్లున్నారు. దారి ఉన్న చోటే ఇంకో దారి పడుతుంది.

ఇప్పుడు మన పింగ్ లెక్క వేద్దాం. గాజులో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే మిల్లీసెకనుకు 200. మహానంది నుంచి చెన్నై 320, అక్కడి నుంచి సింగపూర్ 3,200. మొత్తం 3,520. పోయి రావాలి కాబట్టి 7,040. దాన్ని 200తో భాగిస్తే 35. అంటే ఈ దారిలో సింగపూర్ సర్వర్‌కు 35 మిల్లీసెకన్ల కంటే తక్కువ పింగ్ మీకు ఎప్పటికీ రాదు. లక్షన్నర పెట్టి ఫోన్ కొన్నా రాదు. హైదరాబాద్ చుట్టు, ఫైబర్ వంకర్లు, రూటర్ల దగ్గర క్యూ, టవర్ దగ్గర రద్దీ, ఇవన్నీ దాని మీద కలుస్తాయి. 35కీ మీకు కనిపించే 65కీ మధ్య ఉన్నది ఇవే.

కరువు వేసిన రైలు దారి

సముద్రం సరే, నల్లమల దగ్గర భూమ్మీద దారి సంగతేంటి?

1876 నుంచి 78 దాకా వచ్చిన కరువు గురించి మన ముసలివాళ్లు వాళ్ల పెద్దల నోట విని ఉంటారు. మద్రాసు రాజధానిలో ఘోరంగా దెబ్బతిన్న జిల్లాల్లో కర్నూలు ఒకటి. జనం గింజలు లేక చచ్చిపోయారు. గింజలున్న చోటి నుంచి లేని చోటికి చేర్చే దారి సరిగ్గా లేదు. దాని తర్వాతే కరువు కాలంలో పనికొచ్చే రైలు మార్గాలని కొన్ని వేశారు. గుంతకల్లు నుంచి నంద్యాల, నల్లమల దాటి గిద్దలూరు, అటు బెజవాడ దాకా పోయే మీటర్ గేజ్ అలాంటిదే. సదరన్ మరాఠా రైల్వే వేసింది. 1890 నాటికి పూర్తయింది. మహానందికి దగ్గర్లోని గాజులపల్లె స్టేషన్ ఈ దారి మీదే ఉంది. అక్కడి నుంచి కొండల్లోకి ఎక్కి, బొగద సొరంగం దాటుకుని అవతలికి పోతుంది.

రైలు పట్టా పడిందంటే దాని పక్కనే టెలిగ్రాఫ్ స్తంభం పడ్డట్టే. ఎదురుగా బండి వస్తోందో లేదో స్టేషన్ మాస్టర్లు ఒకరికొకరు చెప్పుకోవాలి కదా. అందుకని పట్టా, తీగ జంటగా పోయేవి.

2000లో రైల్వే శాఖ రైల్‌టెల్ అనే సంస్థ పెట్టింది. దాని ఆలోచన సింపుల్: పట్టాల పక్కన భూమి మనదే, ఎవరినీ అడగక్కర్లేదు, అక్కడే ఫైబర్ వేద్దాం. ఈరోజు దేశంలో 60 వేల కిలోమీటర్లకు పైగా రైల్వే పట్టాల వెంట ఆ ఫైబర్ ఉంది. స్టేషన్లో మీరు వాడిన ఫ్రీ వైఫై దాని మీదే నడుస్తుంది. మిగతా కంపెనీలు హైవేల పక్కన తవ్వి వేశాయి. 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ అయితే కరెంటు స్తంభాల మీద వేసింది. ఎవరు వేసినా అంతే. కొత్త తీగ పాత దారి పక్కనే పోయింది. ఆకలితో పోయిన జనం పేరు చెప్పి వేసిన పట్టా, నూరేళ్ల తర్వాత డేటాకు కూడా దారి చూపించింది.

పక్కింటికి పోవడానికి సముద్రం దాటడం

1995 ఆగస్టు 15న వీఎస్‌ఎన్‌ఎల్ మన దేశంలో జనానికి ఇంటర్నెట్ ఇచ్చింది. మొదట బొంబాయి, ఢిల్లీ, కలకత్తా, మద్రాసు. లిస్టు ఎక్కడైనా విన్నట్టుందా? 1855 టెలిగ్రాఫ్ లిస్టులో ఆగ్రా తీసి ఢిల్లీ పెట్టండి, సరిపోతుంది.

1998 చివర్లో ప్రైవేటు కంపెనీలకు అనుమతి వచ్చింది. అప్పుడొక తమాషా జరిగేది. ఒకే వీధిలో ఇద్దరు, ఇద్దరివీ వేరు వేరు కంపెనీల కనెక్షన్లు. ఒకరు ఇంకొకరికి ఏదైనా పంపితే అది సముద్రం దాటి అమెరికాకో సింగపూర్‌కో పోయి, అక్కడ కంపెనీ మారి, మళ్లీ సముద్రం దాటి వచ్చేది. ఎందుకంటే ఆ రెండు కంపెనీల దారులు మన దేశంలో ఎక్కడా కలిసేవి కావు. పోను రాను విదేశీ కేబుల్‌కు డాలర్లలో బాడుగ. దీన్ని తప్పించడానికే 2003లో నిక్సి అనే సంస్థ పెట్టారు. కంపెనీలన్నీ ఒకచోట తీగలు కలుపుకుని డేటా మార్చుకునే సంత అనుకోండి.

ఇప్పుడు పరిస్థితి ఇంకా మారింది. మీరు చూసే చాలా వీడియోలు అసలు సముద్రమే దాటవు. ఎక్కువమంది చూసే వీడియోలను పెద్ద కంపెనీలు మన దేశంలోనే, కొన్నిసార్లు మీ నెట్ కంపెనీ గదిలోనే, కాపీ చేసి పెట్టుకుంటాయి. అందుకే వీడియో గిర్రున వచ్చి గేమ్ మాత్రం ఆగి ఆగి నడుస్తుంది. వీడియో ముందే వండి పెట్టిన అన్నం. గేమ్ అలా కాదు, ప్రతి కదలికా సర్వర్ దాకా పోయి రావాలి.

తూము ఎవరి చేతిలో?

ఇంతకీ ఇదంతా మనకెందుకు? పది మిల్లీసెకన్లు అటో ఇటో అయితే ఏమవుతుంది?

కేసీ కెనాల్ కింద చివరి భూములున్న రైతును అడగండి. కాలువ ఉందా అంటే ఉంది అంటాడు. నీళ్లు వస్తాయా అంటే, పైన వాళ్లు వదిలితే వస్తాయి అంటాడు. మన డేటా దారిలో మహానంది అలాంటి చివరి మడి. పైన ఎక్కడ మడవ పడినా మన దగ్గర ఎండుతుంది.

2008 జనవరి 30న ఈజిప్టు దగ్గర మధ్యధరా సముద్రంలో రెండు కేబుల్స్ తెగాయి. మన దేశంలో నెట్ ఘోరంగా నెమ్మదించింది. 2016 డిసెంబర్‌లో వర్దా తుఫాను చెన్నైని కొట్టినప్పుడు, తమ సముద్రపు కేబుల్ దెబ్బతిందని, నెట్ నెమ్మదిస్తుందని ఒక పెద్ద కంపెనీ తన కస్టమర్లకు చెప్పింది. 2025 సెప్టెంబర్‌లో ఎర్రసముద్రంలో మళ్లీ కేబుల్స్ తెగాయి. అక్కడ ఎక్కడో తెగితే ఇక్కడ మనకెందుకు తెలుస్తుందంటే, మన దేశం నుంచి బయటికి పోయే కేబుల్స్ దిగేది కొన్నే చోట్ల: ముంబై, చెన్నై, కొచ్చి, తూత్తుకుడి, తిరువనంతపురం. వెయ్యి కిలోమీటర్ల ఆంధ్ర తీరంలో 2025 దాకా ఒక్క అంతర్జాతీయ కేబుల్ కూడా దిగలేదు.

తెగిపోవడం ఒకటి, మూసేయడం ఇంకొకటి. 2022 మే 24న కోనసీమ జిల్లా పేరు మీద అమలాపురంలో గొడవలయ్యాయి. ఆ తర్వాత అక్కడ దాదాపు రెండు వారాలు మొబైల్ నెట్ ఆపేశారు. ఇంటి నుంచి పనిచేసుకునేవాళ్లు సిగ్నల్ కోసం ఊర్లు దాటి పోయారు. ఆపడం మంచిదా కాదా అని వాదించుకోవచ్చు. నేను చూపించాలనుకున్నది వేరే. ఏ చట్టం కింద ఆపారు? 2017లో చేసిన నియమాల కింద. ఆ నియమాలు ఏ చట్టం కింద చేశారు? 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం కింద. తంతి తీగ మీద సర్కారుకు అధికారం ఇచ్చిన బ్రిటిష్ చట్టం అది. 2013 జూలైలో మన దేశంలో టెలిగ్రామ్ సర్వీసే మూతపడింది. చట్టం మాత్రం నిలబడి, మన ఫోన్లలో డేటా మీద పనిచేసింది. దాని చోట కొత్త టెలికమ్యూనికేషన్స్ చట్టం వచ్చింది 2023లో. కొత్త చట్టంలో కూడా ఆపే అధికారం ఉంది. తీగ వేసిన దారే కాదు, తీగ ఆపే పద్ధతి కూడా మనకు వారసత్వంగా వచ్చింది.

రెండో దారి

2025 అక్టోబర్ 14న గూగుల్ విశాఖపట్నంలో పెద్ద డేటా కేంద్రం కడతామని ప్రకటించింది. 15 బిలియన్ డాలర్లు, 5 ఏళ్లలో. అందరూ ఉద్యోగాల గురించి, కరెంటు గురించి, నీళ్ల గురించి మాట్లాడారు. మాట్లాడాలి కూడా. కానీ అదే ప్రకటనలో ఇంకో మాట ఉంది: విశాఖ తీరంలో అంతర్జాతీయ సముద్ర కేబుల్స్ దిగే కేంద్రం. అది నిజంగా పూర్తయితే, 1639లో మద్రాసు వైపు తిరిగిన దారికి పక్కన తూర్పు తీరంలో రెండో తలుపు తెరుచుకున్నట్టే. చెన్నైలో తుఫాను వస్తే డేటా విశాఖ నుంచి పోవచ్చు. విశాఖకు వస్తే చెన్నై నుంచి పోవచ్చు. హుద్‌హుద్ 2014లో విశాఖను ఏం చేసిందో మనకు తెలుసు కాబట్టి, రెండూ ఉండాలి.

అయితే ఇంతసేపు చెప్పుకున్న చరిత్ర ఒక ప్రశ్న అడగమంటోంది. తలుపు తీరంలో తెరిస్తే సరిపోదు. అక్కడి నుంచి నల్లమల అడుగున ఉన్న ఊరి దాకా కాలువ రావాలి. ఒకటి తెగితే ఇంకొకటి పనిచేసేలా రెండు కాలువలు రావాలి. మొదటి తీగ సర్కారు అవసరానికి వేసింది, దాని పక్కనే వ్యాపారం పోయింది. కొత్త దారి వేసేది కంపెనీ కాబట్టి ముందు దాని అవసరానికే వేస్తుంది. మన అవసరం అందులో ఉండాలంటే, ఆ అవసరం ఏంటో మనమే గట్టిగా చెప్పాలి. చెప్పాలంటే ముందు మన దారి మనకు తెలియాలి.

అందుకని ఒక పని చేయండి. ఈరోజు మీ ఫోన్‌లో ట్రేస్‌రూట్ నడపండి. ఒకసారి మన రాష్ట్రంలోని ఏదైనా యూనివర్సిటీ వెబ్‌సైట్‌కు, ఒకసారి బయటి దేశం వెబ్‌సైట్‌కు. వైఫై మీద ఒకసారి, మొబైల్ డేటా మీద ఒకసారి. ఎన్ని అంచెలు ఉన్నాయో లెక్కపెట్టండి. పేర్లలో ఊరి కోడ్‌లు వెతకండి. మిల్లీసెకన్లు ఎక్కడ ఒక్కసారిగా పెరిగాయో చూడండి, చాలాసార్లు దూరపు గెంతు అక్కడే ఉంటుంది. స్క్రీన్‌షాట్ ఎవరికైనా పంపేటట్టయితే మీ ఐపీ నంబర్ చెరిపేసి పంపండి.

ఎం ఏ ఏ అని మూడు అక్షరాలు కనబడితే ఒక్క క్షణం ఆగి చూడండి. అంచె మనుషులు, టిక్‌టిక్ గుమాస్తాలు, కరువు కాలం రైలు పట్టా, గట్టాపర్చా పూసిన తీగ, అందరూ ఆ ఒక్క లైన్‌లో ఉన్నారు. వచ్చే ఎపిసోడ్‌లో ఎస్‌టీడీ బూత్ కథ చెప్పుకుందాం.